కొబ్బరాకు బూర, డబ్బా జముకు

ఉద్దానమనగా ఉద్యానమేనని పెద్దలు చెప్పుదురు. పలాస మీదుగా సముద్రము వైపు పోవువారికి కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలు ఒకదానినొకటి ఒరసికొని కనిపించును. ఈ తోటల పంటను గురించి అందరును మాట్లాడుదురు. వీని పాటను గురించి మేము రెండు మాటలు చెప్పదలచితిమి.

కొబ్బరాకు నొకదానిని తీసి, ఈనె తొలగించి, ఏటవాలుగా చుట్టుకొనుచు పోయినచో గరాటు వంటి బూర ఏర్పడును. విడిపోకుండ ఆ ఈనె ముక్కనే గుచ్చవలెను. సన్నని కొనలో మడిచిన ఆకుముక్కను నాలుకగా ఇమిడ్చి ఊదినచో నాదస్వరమునకు దూరపు చుట్టమైన ధ్వని వచ్చును. ఒక బూర పలికినట్లు మరియొకటి పలుకదు. ఆకు వాడిన గొంతు మారును, ఎండిన మూగపోవును. మరునాడు మరల చుట్టుకొనవలసినదే. దాచుకొనుటకు వీలులేని వాద్యము గనుకనే పిల్లలు చేయుట మరువరు.

పెద్దల వాద్యము జముకు. శ్రీకాకుళము జిల్లాలో జముకుల కథ చెప్పువారు దీనిని చంకనిడుకొని వాయింతురు. గొట్టము వంటి ఒడలు; ఒకవైపు చర్మము, రెండవ వైపు ఖాళీ. చర్మము నడుమనుండి వచ్చు తంతిని ఒక చేత బిగించి, మరియొక చేత మీటుదురు. బిగించిన స్వరము హెచ్చును, సడలించిన తగ్గును. బెంగాలులోని బౌల్ గాయకుల ఖమక్ కూడ ఇట్లే పలుకును. మెట్లు లేవు, పిడికిలి పట్టే శ్రుతి. అందుచే స్వరము ఒకచోట నిలువక మనిషి మాటవలె జారును. విద్వాంసులు దోషమనవచ్చును గాని, కథలో తల్లి యేడ్చినప్పుడు జముకు తోడేడ్చునది ఈ దోషము వలననే. 1960లలో సుబ్బారావు పాణిగ్రాహి ఈ కథారూపమునే రైతు పోరాట ప్రచారమునకు వినియోగించి, ఆ పోరాటములోనే 1969లో ప్రాణము విడిచిరి.

నేడు బడి వేడుకలలో తరచుగా సినిమా పాట యంత్రము పాడును. పిల్లలు కాళ్లు చేతులు మాత్రమే కదల్తురు. మాకిది నచ్చదు. మా మాటయు యంత్రము ద్వారానే వినవచ్చుచున్నది కదా యని శ్రోతలు నవ్వవచ్చును.

జముకును ఇంటనే చేయవచ్చును. పాలపొడి డబ్బా అడుగును పెద్దలెవరైన కోసి తీసి, అంచును నునుపు చేయవలెను. ఒకవైపు దళసరి ప్లాస్టిక్ కాగితమును బిగించి కట్టి, నడుమ బెజ్జము చేసి, గుండీకి ముడివేసిన వలదారమును లోపలికి దూర్చవలెను. గుండీ పైననే నిలుచును. ఖాళీ వైపునుండి దారమును వెలికి తీసి పుల్లకు కట్టి, లాగి మీటిన గుర్రుమనును. రాత్రి అరుగుపై పాత పంచె కట్టి, వెనుక దీపముంచి, పనసాకులు కత్తిరించి నీడబొమ్మల నాడింపవచ్చును.

కథకై దూరము పోనక్కరలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస చేరువనే తీరము దాటి ఈ తోటలను కూల్చినది. నాటి చంటిపిల్లలు నేడు బడికి పోవుచున్నారు. ఆ రాత్రిని వారు వినియే యెరుగుదురు. గాలికి కొబ్బరాకు బూర, సముద్రపు హోరుకు డబ్బా జముకు, కూలు చెట్టుకు పనసాకు నీడ. తాళము తప్పును, పంచె జారును, ఒక బూర అసలే పలుకదు. చూచుచున్న అవ్వ ఊరకుండదు. "కాదర్రా, గాలి ముందు అటేపు నుంచి కొట్టింది, ఆనక ఇటు తిరిగింది" అనును. పిల్లలు బూరలను ఆ దిక్కునకు త్రిప్పి మరల ఊదుదురు.