నిర్వచనం, శాతం, కాలం: దిగుమతి సుంకాలూ కార్ల తయారీ నిర్ణయాలూ



దిగుమతి సుంకాల మీద జరిగే చర్చ సాధారణంగా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: సుంకం ఎంత శాతం? పత్రికల శీర్షికలకు ఎక్కేదీ, చట్టసభల్లో వాదోపవాదాలకు దారితీసేదీ ఆ అంకే. కార్లు తయారుచేసే కంపెనీ సుంకాల పట్టికను చదివే తీరు వేరు. ఏది కారు కింద లెక్క, ఏది విడిభాగాల కింద లెక్క అన్న నిర్వచనాన్ని అది ముందు చూసుకుంటుంది. ఆ వెంటనే, ఈ రేటు ఎన్నేళ్లు నిలుస్తుందన్న అంచనా వేసుకుంటుంది. నిర్వచనం కారు ఏ రూపంలో సరిహద్దు దాటాలో నిర్ణయిస్తే, కాలం కర్మాగారం కట్టాలా వద్దా అన్నది నిర్ణయిస్తుందనీ, శాతానికి ఈ రెండింటి ద్వారానే బలం చేకూరుతుందనీ నిరూపించడం ఈ ఉపన్యాసం ఉద్దేశం.

భారతదేశంలోకి కారు వచ్చే రూపాలు మూడు. పూర్తిగా తయారై, నడపడానికి సిద్ధంగా ఓడ దిగే కారును పరిశ్రమ వాడుకలో సీబీయూ అంటారు. విడదీసిన భాగాలుగా పెట్టెల్లో వచ్చి ఇక్కడ బిగింపు పూర్తిచేసుకునేది సీకేడీ. మూడోది స్థానిక తయారీ. ఉక్కు రేకును అచ్చు కొట్టడం, బాడీని వెల్డింగ్ చేయడం, రంగు వేయడం వరకు ఇక్కడే జరిగి, కొన్ని భాగాలు మాత్రమే బయటి నుంచి వస్తాయి. పెనుకొండ సమీపంలోని ఎర్రమంచి వద్ద, 2017 ఏప్రిల్‌లో ఒప్పందం కుదిరి, ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో 2019లో ఉత్పత్తి మొదలుపెట్టిన కియా సంస్థ ఈ మూడు రూపాలనూ ఆచరణలో చూపింది. 2019 ఆగస్టులో 9.69 లక్షల రూపాయల ప్రారంభ ధరతో విడుదలైన సెల్టోస్ అక్కడే తయారైంది. 2020 ఫిబ్రవరిలో 24.95 లక్షల ప్రారంభ ధరతో వచ్చిన కార్నివాల్ విడదీసిన భాగాలుగా వచ్చి అక్కడ బిగింపు పూర్తిచేసుకుంది. 2022 జూన్‌లో 59.95 లక్షల ప్రారంభ ధరతో వచ్చిన ఈవీ6 విద్యుత్ కారు పూర్తి రూపంలో దిగుమతి అయింది.

ఒకే సంస్థ మూడు దారులు ఎంచుకోవడానికి కారణం సుంకాల మెట్లలో కనిపిస్తుంది. 2018 బడ్జెట్ తర్వాత, ఇంజిను, గేర్‌బాక్సు ముందే అమర్చి లేని సీకేడీ భాగాల మీద 15 శాతం, అవి అమర్చి ఉంటే 30 శాతం, పూర్తి కారు మీద దాని విలువను, ఇంజిను పరిమాణాన్ని బట్టి 60 లేదా 100 శాతం సుంకం ఉండేది. 2023 బడ్జెట్ ఈ 30ని 35కు, 60ని 70కి పెంచింది. ఇక్కడ విలువ అంటే సరుకు ధరకు బీమా, ఓడ కిరాయి కలిపిన మొత్తం. 40,000 డాలర్లు దాటిన కారు పై మెట్టులోకి పోతుంది.

ఈ మెట్లు లెక్కలోకి ఎలా దిగుతాయో ఒక ఊహాత్మక ఉదాహరణతో స్పష్టమవుతుంది. విదేశంలో 20 లక్షలకు తయారయ్యే కారును 70 శాతం సుంకంతో దిగుమతి చేస్తే, ఇతర పన్నులు పక్కనపెడితే, 34 లక్షలు పడుతుంది. అదే కారును 18 లక్షల విలువైన విడదీసిన భాగాలుగా తెచ్చి, 15 శాతం చొప్పున 2.7 లక్షల సుంకం కట్టి, మరో 2 లక్షలతో ఇక్కడ బిగిస్తే 22.7 లక్షలు అవుతుంది. కారుకు 11.3 లక్షలు మిగులుతుంది కనుక, బిగింపు విభాగానికి 100 కోట్లు పెట్టిన కంపెనీకి దాదాపు 900 కార్లతోనే పెట్టుబడి తిరిగివస్తుంది. అదే పూర్తి స్థానిక తయారీకి అచ్చులు, వెల్డింగ్ విభాగం, సరఫరాదారుల ఏర్పాట్లు కలిపి 1,500 కోట్లు అవసరమై, కారు ఖర్చు 18 లక్షలకు తగ్గుతుందనుకుంటే, బిగింపుతో పోల్చినప్పుడు మిగిలేది కారుకు 4.7 లక్షలే కాబట్టి పెట్టుబడి తిరిగిరావడానికి దాదాపు 32,000 కార్లు అమ్ముడుపోవాలి. మొదటి మెట్టు ఎక్కించే శక్తి సుంకానికి ఉన్నా, రెండో మెట్టు ఎక్కించేది మార్కెట్ పరిమాణమే. వేలల్లో అమ్ముడుపోయే పెద్ద కారు బిగింపు దగ్గర ఆగిపోవడానికీ, లక్షల్లో అమ్ముడుపోయే చిన్న కారు అచ్చుల దాకా రావడానికీ మూలం ఇక్కడ ఉంది.

అర్థశాస్త్రంలో సార్థక రక్షణ రేటు అనే భావన ఈ చిత్రంలోని మరో కోణాన్ని బయటపెడుతుంది. వస్తువు మీది సుంకాన్ని మాత్రమే చూడకుండా, ఆ వస్తువులోకి వెళ్లే ముడిసరుకుల మీది సుంకాన్ని కూడా లెక్కించి, దేశంలో జరిగే పనికి అంతిమంగా ఎంత రక్షణ దక్కుతోందో చూపే కొలత ఇది. ప్రపంచ ధరల్లో 10 లక్షల కారులో 8 లక్షలు విడిభాగాలనీ, 2 లక్షలు బిగింపు ద్వారా జోడైన విలువనీ అనుకుందాం. కారు మీద 70 శాతం సుంకం ఉంటే దేశీయ ధర 17 లక్షల దాకా పెరగవచ్చు. భాగాల మీద 15 శాతమే ఉంటే వాటి ఖర్చు 9.2 లక్షలు. అంటే 2 లక్షల విలువైన పనికి 7.8 లక్షల ప్రతిఫలం దక్కే అవకాశం ఏర్పడుతుంది. పైకి 70 శాతంగా కనిపించే రక్షణ ఆ పనికి 290 శాతంగా పరిణమిస్తుంది. దేశీయ పోటీ ఈ ధరను కిందికి లాగుతుందన్నది నిజమే అయినా, దిశ మాత్రం మారదు: పూర్తి కారుకూ భాగాలకూ మధ్య సుంకాల అంతరం ఎంత వెడల్పైతే, భాగాలు తయారుచేయడం కంటే తెచ్చి బిగించడం అంత లాభసాటి అవుతుంది.

అంతరం ఇంత విలువైనదైనప్పుడు, గీత ఎక్కడ గీశారన్న దాని మీదే తగాదాలు పుడతాయి. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ అమెరికాలోని కోడి పన్ను. అమెరికా కోళ్ల మీద పశ్చిమ జర్మనీ, ఫ్రాన్స్ తదితర యూరప్ దేశాలు సుంకం పెంచినందుకు ప్రతిగా, అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1963 డిసెంబరులో తేలికపాటి ట్రక్కుల మీద 25 శాతం సుంకం ప్రకటించారు. కోళ్ల తగాదాను జనం మరిచిపోయినా ట్రక్కుల మీది సుంకం నిలిచిపోయింది. ప్రయాణికుల కారు మీద మాత్రం రేటు 2.5 శాతానికి తగ్గింది. జపాన్ సంస్థ సుబారు 1978లో తన చిన్న ట్రక్కు వెనుక తొట్టిలో రెండు సీట్లు బిగించి, దాన్ని ప్రయాణికుల వాహనంగా మార్చింది. ఫోర్డ్ సంస్థ 2009 నుంచి టర్కీలో తయారైన ట్రాన్సిట్ కనెక్ట్ వ్యానును వెనుక సీట్లతో, కిటికీలతో దిగుమతి చేసి, రేవు దాటాక వాటిని తీసేసి సరుకుల వ్యానుగా అమ్మింది. సీట్లు తయారుచేసి, సముద్రం దాటించి, ఆపై తొలగించడం ఉత్పత్తి శాస్త్రం దృష్టిలో వృథా ప్రయాసే అయినా, 2.5కూ 25కూ మధ్య ఉన్న తేడా దాన్ని లాభదాయకం చేసింది. 2019లో ఫెడరల్ అప్పీలు కోర్టు కస్టమ్స్ శాఖ వాదనను సమర్థించగా, 2024లో ఫోర్డ్ 36.5 కోట్ల డాలర్లు చెల్లించి వివాదాన్ని పరిష్కరించుకుంది.

భారతదేశంలోనూ ఇదే ప్రశ్న న్యాయస్థానం మెట్లెక్కింది. ఫోక్స్‌వ్యాగన్ సంస్థ భారత విభాగం దాదాపు పూర్తి కారుకు సరిపడే భాగాలను వేర్వేరు సరుకులుగా తెప్పించి, 30 నుంచి 35 శాతానికి బదులు 5 నుంచి 15 శాతం సుంకమే చెల్లించిందని ఆరోపిస్తూ, 2024 సెప్టెంబరులో కస్టమ్స్ అధికారులు 140 కోట్ల డాలర్ల నోటీసు ఇచ్చారు. ఆరోపణను తోసిపుచ్చిన సంస్థ 2025లో బొంబాయి హైకోర్టును ఆశ్రయించింది. ఎవరి వాదన సరైనదన్న తీర్పు ఈ వేదిక పని కాకపోయినా, విడివిడిగా వచ్చిన భాగాల గుంపు ఎప్పుడు కారు అవుతుందన్న ప్రశ్నకు ఇన్ని కోట్ల విలువ ఉండటం పరిశోధకులు గమనించదగినది.

ఇక కాలం సంగతి. సుంకానికి కంపెనీ స్పందన మూడు వేగాల్లో ఉంటుంది. వారాల్లో చేయగలిగింది ఓడలను ఆపడం, నిల్వలను సర్దుకోవడం. నెలల్లో చేయగలిగింది భారంలో కొంత తాను మోసి కొంత కొనుగోలుదారు మీద వేయడం, ఉన్న కర్మాగారాల మధ్య ఉత్పత్తిని పంచడం. కొత్త ఉత్పత్తి విభాగం నిలబెట్టడానికి ఏళ్లు కావాలి. 2025 ఏప్రిల్ 3న దిగుమతి కార్ల మీద అమెరికా అదనంగా 25 శాతం సుంకం అమల్లోకి తెచ్చినప్పుడు, ఆ దేశంలో సొంత కర్మాగారం లేని, టాటా మోటార్స్ యాజమాన్యంలోని జాగ్వార్ ల్యాండ్ రోవర్ అదే నెలలో ఓడల రవాణాను తాత్కాలికంగా నిలిపింది. ఆ ఏడాది రెండో త్రైమాసికంలో సుంకాల భారం 110 కోట్ల డాలర్లని ప్రకటించిన జనరల్ మోటార్స్, అమెరికాలోని కర్మాగారాలకు 400 కోట్ల డాలర్లు కేటాయించి, మెక్సికోలో చేస్తున్న కొన్ని కార్ల తయారీని స్వదేశానికి తెస్తామని జూన్‌లో చెప్పినా, ఆ తయారీ మొదలయ్యేది 2027లో. ఈలోగా రేటే మారింది: బ్రిటన్‌కు ఏటా లక్ష కార్ల వరకు 10 శాతం, జపాన్‌కూ యూరోపియన్ యూనియన్‌కూ 15 శాతం. రేటు నెలల్లో మారుతుంటే, ఏళ్ల మీద ఆధారపడే నిర్ణయం తీసుకునేవారు వెనకాడటం సహజం.

1981లో జపాన్ అమెరికాకు పంపే కార్లను ఏడాదికి 16.8 లక్షలకు తనకు తానే పరిమితం చేసుకున్నప్పుడు జరిగినది దీనికి భిన్నం. అది సుంకం కాదు, సంఖ్య మీద పరిమితి. కాబట్టి అదే సంఖ్యలో ఖరీదైన కార్లు పంపడం కంపెనీలకు లాభమైంది. ఆంక్షలు తొలగవన్న నమ్మకం బలపడినకొద్దీ కర్మాగారాలూ సముద్రం దాటాయి. ఒహాయో రాష్ట్రంలో కార్ల కర్మాగారం కడతామని హోండా 1980లోనే ప్రకటించి, 1982 నవంబరులో అకార్డ్ తయారీ మొదలుపెట్టింది. 1983లో నిస్సాన్ టెనెసీలో, 1988లో టొయోటా కెంటకీలో అదే బాట పట్టాయి. హోండా ప్రకటన పరిమితి కంటే ముందే వచ్చిందంటే, కంపెనీని కదిలించినవాటిలో అమల్లో ఉన్న ఆంక్షతో పాటు రాబోయే ఆంక్ష మీది అంచనాకూ చోటుందని గ్రహించాలి.

2024 మార్చిలో భారత ప్రభుత్వం ప్రకటించిన విద్యుత్ కార్ల పథకంలో నిర్వచనం, శాతం, కాలం మూడూ ఒకేచోట కనిపిస్తాయి. మూడేళ్లలో 4,150 కోట్ల రూపాయల పెట్టుబడి పెట్టే సంస్థ, 35,000 డాలర్లకు తగ్గని విలువ గల విద్యుత్ కార్లను ఏడాదికి 8,000కు మించకుండా 15 శాతం సుంకంతో తెచ్చుకోవచ్చనీ, ప్రతిగా మూడేళ్లలో 25 శాతం, ఐదేళ్లలో 50 శాతం విలువ దేశంలోనే జోడించాలనీ ఆ పథకం నిర్దేశించింది. టెస్లా మాత్రం 2025 జులైలో ముంబైలో విక్రయశాల తెరిచి, పూర్తిగా తయారైన కార్లను దిగుమతి చేసి అమ్మే దారినే ఎంచుకుంది. రాయితీ ఎంత ఆకర్షణీయమైనా, అమ్మకాల సంఖ్య మీద నమ్మకం కుదరనిదే అచ్చుల మీద పెట్టుబడి రాదన్న ముందరి లెక్క ఇక్కడా వర్తిస్తుంది.

సుంకంలో నిలకడ విలువ తెలుగు నేలకు కొత్తగా తెలియవలసినది కాదు. కాకతీయ గణపతిదేవుడు 1244 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన శాసనం, తుపానుకు ఒడ్డుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పాలకులు స్వాధీనం చేసుకునే పాత ఆనవాయితీని విడిచిపెట్టి, ఎగుమతి దిగుమతుల మీద ముప్పైకి ఒకటి చొప్పున సుంకం నిర్ణయించింది. చరిత్రకారులు దాన్ని సుంక శాసనమని గాక అభయ శాసనమని పిలవడంలో అర్థశాస్త్రం ఉంది: వర్తకుడికి రేటు ఎంత ముఖ్యమో, రేపూ అదే రేటు ఉంటుందన్న భరోసా అంత ముఖ్యం.

కాబట్టి ఈ సదస్సు పరిశోధకుల ముందు ఉంచవలసిన ప్రశ్న సుంకం ఎక్కువా తక్కువా అన్నదాని కంటే సూక్ష్మమైనది. పెనుకొండ నుంచి బయలుదేరే కారులో ఏ భాగం ఏ ఊళ్లో తయారైంది, ఏ భాగం ఏ సుంకపు మెట్టు మీద వచ్చింది, మెట్టు మారిన ఏడాదిలో చుట్టుపక్కల సరఫరాదారుల దగ్గర ఏ పని పెరిగింది, ఏ పని పెట్టెల్లో వచ్చి పడింది అని భాగం వెంట భాగంగా లెక్క తీస్తేనే, సుంకం పేరిట కొనుగోలుదారుడు చెల్లించిన సొమ్ము పరిశ్రమను పెంచిందో, బిగింపును మాత్రమే పెంచిందో తేలుతుంది. ఆ లెక్కకు ఈ సదస్సులో పునాది పడాలని అధ్యక్షస్థానం ఆకాంక్షిస్తోంది.