ఐఆర్ మోడ్ ఉన్న టాక్టికల్ టార్చ్: మనకి అవసరమా?

పేరాల నుంచి మాట్లాడుతున్నాను. ఈ రోజు చేతిలో ఉన్నది టాక్టికల్ టార్చ్. ఇందులో మామూలు తెల్ల లైటుతో పాటు కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ లైటు, అంటే ఐఆర్ మోడ్ కూడా ఉంది. నాలుగు రాత్రులు వాడరేవు ఒడ్డున, మా వీధిలో వాడి చూశాను. బ్రాండ్ పేరు చెప్పట్లేదు. ఎందుకంటే ఈ పరీక్షలు ఏ టార్చ్‌కైనా మీరే చేసుకోవచ్చు.

ముందు తెల్ల లైటు చూద్దాం. డబ్బా మీద 10,000 ల్యూమెన్స్ అని ఉంటే వెంటనే పడిపోకండి. ఎఫ్ఎల్1 అని ఒక స్టాండర్డ్ ఉంది. దాని ప్రకారం ల్యూమెన్స్‌ని ఆన్ చేసిన సెకనులో కాదు, కనీసం 30 సెకన్లు వెలిగాక కొలవాలి. ఎంత దూరం పడుతుంది అన్నదానికీ లెక్క ఉంది. లైటు 0.25 లక్స్‌కి తగ్గే చోటు వరకు దూరం కింద లెక్కేస్తారు. అది దాదాపు పున్నమి వెన్నెలంత వెలుతురు. అందుకే 200 మీటర్లు అని రాసుంటే, అక్కడ మనిషి ఆకారం కనపడొచ్చేమో గానీ ముఖం గుర్తుపట్టలేం. అందులో సగం దూరమే మనకి పనికొచ్చేది అనుకోండి.

తర్వాత బ్యాటరీ. వీటిలో ఎక్కువగా 18650 సెల్ వస్తుంది. 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు, చివరి సున్నా అంటే గుండ్రటి సెల్ అని. మంచి కంపెనీల సెల్ మీద మామూలుగా 2,500 నుంచి 3,600 ఎంఏహెచ్ దాకా ఉంటుంది. 9,900 అని ఉంటే అది అబద్ధమే. తేలిగ్గా పట్టుకునే దారి ఒకటుంది, కిరాణా కొట్టు కాటా మీద పెట్టండి. అసలు సెల్ 45 నుంచి 50 గ్రాముల దాకా తూగుతుంది. మరీ తేలిగ్గా ఉందంటే అనుమానించాల్సిందే.

ఇప్పుడు అసలు విషయం, ఐఆర్. మన కన్ను దాదాపు 700 నానోమీటర్ల దాకానే చూడగలదు. ఈ టార్చ్‌లలో 850 గానీ 940 గానీ వాడతారు. 850 అయితే బల్బు దగ్గర సన్నగా ఎర్ర చుక్క కనపడుతుంది. 940 అయితే అదీ ఉండదు, కానీ కెమెరాలు దాన్ని తక్కువగా పట్టుకుంటాయి కాబట్టి దూరం తగ్గుతుంది. డబ్బా మీద ఐఆర్‌కి కూడా ల్యూమెన్స్ రాసుంటే నవ్వుకోండి. ల్యూమెన్ అనేదే మన కంటికి కనపడే వెలుతురు కొలత. ఐఆర్ పవర్‌ని మిల్లీవాట్లలో చెప్పాలి.

పని చేస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? ముందు టీవీ రిమోట్ బటన్ నొక్కి ఫోన్ సెల్ఫీ కెమెరాలో చూడండి. చాలా ఫోన్లలో వెలుగు కనపడుతుంది. వెనక కెమెరాకి ఐఆర్‌ని ఆపే ఫిల్టర్ గట్టిగా ఉంటుంది, అందుకే అందులో కనపడకపోవచ్చు. రిమోట్ వెలుగు కనపడిన ఫోన్‌తోనే టార్చ్‌ని గోడ మీదకి వేసి చూడండి. నేరుగా కెమెరాలోకి వేయొద్దు.

చాలామంది అనుకునేది ఇంకోటి: ఐఆర్ వేస్తే ఒంటి వేడి కనపడుతుందని. కనపడదు. అది థర్మల్ కెమెరా పని, దానికి లైటే అక్కర్లేదు. ఒంటి వేడి దాదాపు 10,000 నానోమీటర్ల దగ్గర ఉంటుంది. ఐఆర్ టార్చ్ పట్టుకుని చేను గట్టు మీద నడిస్తే మీకు కనపడేది చీకటే. కట్లపామైనా, రక్తపింజరైనా కనపడాలంటే తెల్ల లైటే దిక్కు. మంచులో దూరం కనపడుతుందన్న మాట కూడా నమ్మకండి. ఆ నీటి తుంపరలు తెల్ల లైటుని చెదరగొట్టినట్టే దీన్నీ చెదరగొడతాయి.

ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి. ఎండలోకి చూస్తే కన్ను దానంతట అదే మూసుకుంటుంది, కనుపాప చిన్నదవుతుంది. ఐఆర్‌కి ఆ రెండూ జరగవు. లైటు కనపడట్లేదు కదా అని ఒక పిల్లాడు పవర్‌ఫుల్ ఐఆర్ టార్చ్‌ని కంటి దగ్గర పెట్టుకుని తిప్పి తిప్పి చూస్తే, ఆగమని వాడికి ఏ సిగ్నల్ రాదు. అందుకే డబ్బా మీద ఐఈసీ 62471 అనే కంటి భద్రత స్టాండర్డ్ గురించి రాశారేమో చూడండి. వాడనప్పుడు వెనక మూత కాస్త వదులు చేస్తే చాలా టార్చ్‌లు ఆన్ అవ్వవు. ఇంట్లో పిల్లలుంటే ఇది అలవాటు చేసుకోండి.

బీచ్‌కి వెళ్లేవాళ్లకి ఒక్క మాట. జనవరి నుంచి మార్చి దాకా మన బాపట్ల తీరానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. తెల్ల లైటు చూస్తే తల్లి తాబేలు గుడ్లు పెట్టకుండానే వెనక్కి పోవచ్చు. గుడ్లలోంచి వచ్చిన పిల్లలు సముద్రం వైపు కాకుండా లైటు వైపు నడుస్తాయి. ఆ రోజుల్లో రాత్రిపూట ఇసుక మీద టార్చ్ టెస్టులు పెట్టుకోకండి.

మరి కొనాలా? మీ దగ్గర డిజిటల్ నైట్ విజన్ కెమెరా ఉంటే ఐఆర్ మోడ్ పనికొస్తుంది. రొయ్యల చెరువు దగ్గర సీసీ కెమెరాకి రాత్రి వెలుతురు చాలట్లేదంటే టార్చ్ వద్దు, కరెంటుతో నడిచే ఐఆర్ ల్యాంప్ బిగించుకోండి, రాత్రంతా వెలుగుతుంది. పొలానికి, బండి మీద ప్రయాణానికి, కరెంటు పోయినప్పటికి అయితే ఐఆర్‌కి పెట్టే డబ్బు మంచి సెల్ మీద, నీళ్లకి ఆగే బాడీ మీద పెట్టండి. నా ఓటు దానికే.

ఈ వారానికి ఇంతే. కొనే ముందు కాటా మాట మర్చిపోకండి. మళ్లీ కలుద్దాం, ఉంటానండీ.