తీగకు పురి, పనికి పూచీ

(భద్రతా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



అదురుకు బోల్టు వదులవుతుందని మనకు ఎవరూ చెప్పనక్కర లేదు. మగ్గం దగ్గర అలా జరిగితే మగ్గం ఆపి, పానా పట్టుకుని బిగిస్తాం. గాలిలో ఉన్న సెస్నా 172 వంటి చిన్న విమానానికి ఆ వీలు లేదు. అందుకే అక్కడి మెకానిక్కులు ముఖ్యమైన బోల్టుల తలలకున్న రంధ్రాల్లో స్టీలు తీగ దూర్చి, పురిపెట్టి కడతారు. దాన్ని సేఫ్టీ వైరు అంటారు.

పురి మనకు తెలిసిన విద్యే. నూలుకు లాగానే ఈ తీగకూ అంగుళానికి ఇన్ని పురులని లెక్క ఉంది. సుమారు 0.8 మిల్లీమీటర్ల తీగకు సాధారణంగా 6 నుంచి 8. తక్కువైతే వదులు, మరీ ఎక్కువైతే తీగ పెళుసెక్కి తెగుతుంది. తీగ ఎప్పుడూ బోల్టును బిగిసే వైపుకే లాగాలి. తిరగేసి కడితే కట్టినట్టే కనిపిస్తుంది గాని కాపాడదు. ముందు బోల్టును సరిగా బిగించాలి. ఆ లోపాన్ని తీగ తీర్చదు. విప్పిన తీగను మళ్ళీ వాడరు. చివర చిన్న తోక ఉంచి లోపలికి మడుస్తారు, తర్వాత వచ్చే మనిషి చెయ్యి కోసుకోకుండా.

ఇదంతా బల్ల మీద సులువే. ఇంజను వెనుక ఆయిల్ ఫిల్టరు దగ్గర మాత్రం మోచెయ్యి తిరగదు. చేతి అద్దంలో చూస్తూ కట్టవలసి వస్తుంది. అద్దంలో కుడి తిరుగుడు ఎడమ తిరుగుడుగా కనబడుతుంది. అందుకని వేలితో తడిమి నిర్ధారించుకుంటారు. కత్తిరించిన ప్రతి ముక్కనూ ఏరి తీస్తారు. విమానాన్ని తిప్పే కంట్రోళ్ళ మీద పని జరిగితే రెండో మనిషి కూడా చూసి సంతకం పెట్టే పద్ధతి ఉంది.

మనం గ్రహించవలసిందేమిటి? ఇరుకులో దూరిన మనిషికి నేర్పు ఒక్కటే చాలదు. మూతలు విప్పే సమయం, వెలుతురు, సరిచూసే తోటి మనిషి కావాలి. రింగ్ ఫ్రేము కింద దూరిన మన ఫిట్టరుకు వినిపించేది “తొందరగా కానీ, ప్రొడక్షన్ పోతోంది” అన్న కేక. అతను బయటికొచ్చి తానే చెప్పేదాకా మిషను నడపకూడదు. స్విచ్చి దగ్గర ఒక మనిషి నిలబడాలి. “చెయ్యి అందలేదు, సరిగా కనబడలేదు” అన్నవాణ్ణి చేతకానివాడని వెక్కిరించకూడదు. ఆ వెక్కిరింతకు జడిసే అందనిదాన్ని అందిందని చెబుతారు. ప్రమాదం మొదలయ్యేది అక్కడే.

సమయం, వెలుతురు, తోటి మనిషి — ఈ మూడూ ప్రతి షిఫ్టులో అడుగుదాం, అందరం కలిసి అడుగుదాం.