పళ్ల మీది మరక మన మురికి కాదు
(దళితవాడ ఆరోగ్య శిక్షణలో ఒక ఉపాధ్యాయుడి ప్రసంగం)



మన పిల్లగాడు నోరు తెరిస్తే "వాడోళ్లకు పళ్లు తోముకోవడం కూడా రాదు" అంటారు. మన నల్లగొండ ఫ్లోరైడు ఊళ్లలో ఆ మాట అబద్ధం. ఆ గోధుమరంగు మరక పైన అంటిన మురికి కాదు. చిగురు లోపల పన్ను తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ల లోపు, తాగిన బోరునీళ్ల గుర్తు. ఇటుకపొడితో రుద్దితే పన్ను అరుగుతది, మరక పోదు. అవే నీళ్లు ఏండ్ల తరబడి తాగితే ఎముకలే వంగుతయి.

లీటరు నీళ్లలో 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగొద్దని ప్రభుత్వ కొలతే చెప్తది. కాచినా ఫ్లోరైడు పోదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లాలో డాక్టర్లు ఈ జబ్బును రాసిపెట్టారు.

అట్లని తోముడు మానొద్దు. పుచ్చు వేరు, ఫ్లోరైడు వేరు. వేపపుల్లయినా బ్రష్షయినా మెత్తగా, పొద్దున ఒకసారి, రాత్రి పడుకునే ముందు ఒకసారి తోమాలి. చిన్నపిల్లలు పేస్టు మింగకుండా చూడాలి. గుట్కా, ఖైనీ నోటి క్యాన్సర్ తెస్తయి, ముట్టొద్దు.

తోటి టీచర్లకు ఒక మాట: పిల్లల పళ్లు చూసి నలుగురిలో నవ్వకండి.

1927లో మహద్ చెరువు నీళ్లు తాగి బాబాసాహెబ్ చాటింది హక్కు. మన వాడ బోరుకూ నల్లాకూ నీటి పరీక్ష చేసి, ఆ కాగితం పంచాయతీ గోడకు అంటించమని అడుగుదాం. అదీ హక్కే.

జై భీం!