ముందు ఇరుసునకు గడియ



నాలుగు చక్రములును లాగునట్టి జీపుబండ్లు నేడు పల్లెలకును వచ్చినవి. వాని ముందు ఇరుసునకు ‘డిఫరెన్షియల్ లాకరు’ అను సాధనమును అమర్చవలెనా, అమర్చినచో ఎట్టిదానిని ఎన్నుకొనవలెను అనునది నేటి ప్రసంగవిషయము. వ్యాకరణము చెప్పుకొని బ్రతికిన వృద్ధునకు ఈ యినుపసామానుతో నేమి పని యని మీకు తోచవచ్చును. నేను కాపురముండునది సికింద్రాబాదులో సేఠు రాంగోపాల్ గారి పేర వెలసిన రాంగోపాల్‌పేట. దాని ప్రక్కనే రాణీగంజు. పంపులు, బేరింగులు, మోటారు విడిభాగములు అమ్ము అంగళ్ళు అచ్చట బారులు తీరి యున్నవి. అట్టిచోట నివసించువాని చెవికి శబ్దరత్నములతోపాటు సుత్తిదెబ్బలును వినబడుచుండును.

మొదట డిఫరెన్షియలు అననేమో తెలియవలెను. కళ్ళములో బంతి కట్టి ఎడ్లను త్రిప్పుట మీ రెరుగుదురు. నడిమి రాటను చేరియున్న యెద్దు ఉన్నచోటనే తిరుగునట్లుండును. వెలుపలి కొననున్న యెద్దు పరుగువంటి నడక నడువవలెను. రెండును ఒకే కొలతగా అడుగు వేయవలెనన్నచో పలుపులు తెగును. మలుపు తిరుగు బండిచక్రముల స్థితియు నిట్టిదే. వెనుక చక్రములు రెంటి నడుమ మీటరున్నర యెడమున్నదనుకొనుడు. బండి యొక ప్రదక్షిణము చేయునప్పటికి వెలుపలి చక్రము లోపలిదానికంటె సుమారు 9.4 మీటర్లు అధికముగా నడచును. వలయము చిన్నదైనను పెద్దదైనను ఈ భేదము మారదు. లెక్క వేసి చూచుకొనవచ్చును.

ఎడ్లబండిలో నీ చిక్కు లేదు. చక్రములు ఇరుసుపై వేర్వేరుగా తిరుగును, లాగునవి యెడ్లు. మోటారుబండిలోనన్ననో ఇరుసే చక్రమును త్రిప్పవలెను. కావున ఇరుసును నడుమ రెండుగా విడదీసి, అచ్చట నొక పెట్టెలో పళ్ళచక్రముల కూర్పు నుంచిరి. అదియే డిఫరెన్షియలు. భేదమును సహించునది యని దాని భావము. అది ఇరుచక్రములను వేర్వేరు వేగములతో తిరుగనిచ్చుచునే వానికి బలమును సమముగా పంచును.

ఈ సమభావమే బురదలో చేటగును. ఒక చక్రము రేగడిలో పట్టు దప్పినదనుకొనుడు. దానిని ఊరక త్రిప్పుటకు స్వల్పబలము చాలును. సమముగా పంచుట డిఫరెన్షియలు ధర్మము గనుక, గట్టినేలపై నున్న రెండవదానికిని ఆ స్వల్పబలమే దక్కును. ఒకటి గిరగిర తిరుగును, రెండవది కదలదు. నాలుగు చక్రములు లాగు బండియైనను ముందొకటి వెనుకొకటి పట్టు దప్పినచో నిలిచిపోవుట యిందువలననే. మడిలో ట్రాక్టరు చక్రము దిగబడినప్పుడు నడుపువాడు కాలితో నొక పెడలును త్రొక్కి బయటపడుట మీరు చూచియుందురు. ఆ పెడలు డిఫరెన్షియలునకు గడియ వేయును. రెండు చక్రములును ఒకే యిరుసునకు బిగిసినట్లై కలిసి తిరుగును. జీపునకు పెట్టు లాకరు చేయు పనియు నదే. తెలుగున గడియ యనగా తలుపునకు వేయునది. గడియ యనగా ఇరువదినాలుగు నిమిషముల కాలము. ఈ గడియ యా గడియసేపునకు మించి వేసియుంచదగినది కాదని జ్ఞాపకముంచుకొనుడు.

ఇక ముందు ఇరుసు సంగతి. వెనుక చక్రములకు లాగుట యొక్కటే పని. ముందు చక్రములకు లాగుటయు, దారి తిరుగుటయు రెండు పనులు. వానికి గడియ వేసినచో బండి తిన్నగా పోవుటకే మొగ్గును; స్టీరింగు బరువెక్కును. చక్రములను పూర్తిగా త్రిప్పియుంచి ఇంజనుబలము నిచ్చినచో, మడమవలె మడతపడుచు తిరుగు ఇరుసు కీలు విరుగవచ్చును. ఏటవాలు నేలపై రెండు ముందు చక్రములును ఒక్కసారి జారినచో బండి ముక్కు పల్లమునకు ఒరిగిపోవును. ఒక చక్రము ఊరక తిరుగుచుండగా రెండవది నిలిచియుండుట కొన్ని వేళల ఊతమని అప్పుడు తెలియును.

నా పూర్వశిష్యుడొకడు ములుగు ప్రాంతపు రైతు. సామాను కొన వచ్చినప్పుడు మా యింటికి వచ్చి యిట్లు అడిగెను: “అయ్యవారూ, మా ఊరివార మందరము చందాలు వేసికొని పాత జీపు నొకటి కొంటిమి. వానకాలములో రోగులను, నెలలు నిండిన ఆడువారిని తారురోడ్డు చేర్చుటకు. ముందు ఇరుసునకు లాకరు పెట్టించుమని కుర్రవాండ్రు పట్టుబట్టుచున్నారు. మిగిలిన సొమ్ము దానికే సరిపోవును. ఏమి చేయుమందురు?”

మా వీధిలోని వృద్ధమేస్త్రీని పిలిపించితిని. అతడు మొదట వెనుక ఇరుసును గూర్చి యడిగెను. దానికి గడియ లేదు. “ఎక్కుడుదారిలో బరువు వెనుకకు వచ్చును. అచ్చట గడియ వేసినచో మూడు చక్రములు లాగును, స్టీరింగునకు బాధ యుండదు. వెనుకది లేనిదే ముందుది కొనుట తలుపు లేని గుమ్మమునకు తాళము కొనుటయే” అనెను. తరువాత టైర్లు చూపుమనెను. అవి నున్నగా అరిగియున్నవి. పట్టులేని చక్రములు నాలుగును కలిసి తిరిగినను నాలుగు గోతులు త్రవ్వుటయే గాని బండి కదలదు. కావున ఆ సొమ్ముతో మంచి టైర్లు, వెనుక ఇరుసునకు గడియ, లాగుడుత్రాడు, పార, రెండు పలకలు కొనిరి. ముందు ఇరుసును అట్లే విడిచిరి. అవి కొనిన తరువాతను, బండ లెక్కవలసిన దారియో, చక్రములు గాలిలోనికి లేచు గుంతల దారియో తప్పనివారికే ముందు గడియ నిజముగా అక్కరకు వచ్చును.

అట్టివారు ఎన్నుకొనవలసిన విధము చెప్పెదను. ఈ సాధనములు నాలుగు తెరగులు. మొదటిది జారుటను కొంత అడ్డగించునది, లిమిటెడ్ స్లిప్పు. దానిలోని పలకలు కాలక్రమమున అరుగును. చక్రము గాలిలో నున్నప్పుడు దాని సాయము స్వల్పము. రెండవది తనంతట తాను బిగిసి, మలుపులో తనంతట తాను వదలు ఆటోమాటిక్ లాకరు. ముందు చక్రములను లివరుతో విడదీయగల బండిలో నిది రోడ్డుపై నిద్రించియుండును. ఎల్లప్పుడును నాలుగు చక్రములు లాగు బండి ముందు ఇరుసునకు తగదు. మూడవది మన యిచ్ఛచే వేసి తీయదగినది. గాలిపంపుతో పనిచేయునది, విద్యుత్తుతో పనిచేయునది, తీగతోగాని లివరుతోగాని లాగునది యని ఇందు భేదములు. గాలిదానికి గొట్టము చిల్లిపడినచో పని నిలుచును. విద్యుత్తుదానికి వైరు తెగరాదు. లివరుదానికి చిక్కులు తక్కువ. ముందు ఇరుసునకు ఈ మూడవ తెరగే శ్రేష్ఠము, తీయదలచినప్పుడు తీయవచ్చును గనుక. నాలుగవది డిఫరెన్షియలును వెల్డింగుచేసి శాశ్వతముగా బిగించుట. చవుక యని కొందరు దీనికి ఆశపడుదురు. రోడ్డుపై తిరుగు బండి ముందు ఇరుసునకు దీనిని ఎన్నడును చేయింపకుడు. వేసిన గడియ తీయరానిచో ఇల్లు చెరసాల యగును.

కొనుటకు ముందు ఇరుసు ఏ రకమో, పళ్ళ నిష్పత్తి యెంతో, ఇరుసుకొన గాడులు ఎన్నియో వ్రాసికొని అంగడికి పోవలెను. ఈ మూటిలో నొకటి కలియకున్నను సామాను ఇమడదు. 2021లో వచ్చిన ఫోర్స్ గూర్ఖాకు ముందు వెనుక రెంటికిని గడియలు కర్మాగారమునుండియే వచ్చినవి. 2020నాటి మహీంద్రా థార్‌లో ముందు చక్రములు వేర్వేరుగా లేచి దిగును. అట్టివాని సన్నని ఇరుసుకడ్డీలు గడియ బలమును ఓర్చునో లేదో ముందు విచారింపవలెను. మఱియు 1988నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములకు భిన్నముగా బండిని మార్చరాదని చెప్పుచున్నది. ఆర్టీఓ కార్యాలయమున అడిగి తెలిసికొనుట మేలు.

వాడుకయందు నియమములు కొన్ని కలవు. బురదలో దిగకమునుపే, బండి నిలిచియున్నప్పుడు గడియ వేయవలెను. చక్రము గిరగిర తిరుగుచుండగా వేయరాదు. లో గేరున నెమ్మదిగా, చక్రములను తిన్నగా నుంచి నడుపవలెను. గట్టినేల తగిలినంతనే తీయవలెను. అన్నింటికంటె ముఖ్యమైనది వాగు. ఏ గడియయు పారు నీటిని ఆపదు. నీరు బండిని తేల్చిన తరువాత చక్రములు నాలుగును తిరిగినను నేల తగులదు. లాకరున్నదను ధైర్యముతో పొంగు వాగున దిగుమనువానిచేతినుండి తాళపుచెవి తీసికొనుట పెద్దల విధి.

చందాసొమ్ము మీచేత నున్నది. పిల్లల యుత్సాహమును కసరి అణచవలదు. నాలుగు ప్రశ్నలు అడుగుడు. టైర్లు బాగున్నవా? వెనుక గడియ యున్నదా? ముందుది చేతితో తీయదగినదేనా? ఇరుసు దానిని ఓర్చునా? నాల్గింటికిని సరియైన యుత్తరము వచ్చిననాడు సంతోషముగా సొమ్ము నిండు. సెలవు.