పరలోకం మీద ఆశ ఉన్నవాళ్లకు భోకర్‌లో ఏం పని?

 

అనుదిన శ్రమల మధ్య దేవుణ్ణి నమ్ముకోవడం, పరలోక నిరీక్షణ అనే అంశం మీద నాలుగు మాటలు చెప్పమని మమ్మల్ని అడిగారు. ఈ అంశం మీద మనం వినే ప్రసంగాలు చాలావరకు ఒకే చోట ఆగుతాయి: శ్రమలు కొద్దికాలమే, ఓర్చుకోండి, పైన అంతా బాగుంటుంది. ఆ మాట అబద్ధం కాదు. అయితే ఎవరు ఎవరికి చెబుతున్నారన్నదాన్ని బట్టి దాని రుచి మారిపోతుంది. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఇంకో తల్లి చెయ్యి పట్టుకొని చెబితే అది ఆదరణ. అప్పిచ్చిన సావుకారు, కూలి ఎగ్గొట్టిన ఆసామి చెబితే అది నోరు మూయించడం. కాబట్టి ఈ సాయంత్రం పరలోకం గురించి మాట్లాడుకుందాం గానీ, భోకర్ నేల మీద నిలబడి మాట్లాడుకుందాం.

ఈ నేల సంగతి మీకు తెలిసిందే. ఇటు నాందేడ్, అటు భైంసా, నిర్మల్. ముద్ఖేడ్ నుంచి ఆదిలాబాద్ పోయే రైలు మన ఊరి మీదుగానే పోతుంది. 1948 సెప్టెంబరు 17 దాకా ఇదంతా నిజాం రాజ్యం. 1956 నవంబరు 1న హైదరాబాద్ రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేసినప్పుడు మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలోకి, 1960 మే 1న మహారాష్ట్రలోకి వచ్చింది. మనం కదల్లేదు, గీత కదిలింది. ఇంట్లో తెలుగు, తహసీల్ ఆఫీసులో మరాఠీ, తాతల కాగితాల్లో ఉర్దూ. ఇక్కడివాళ్లు మనల్ని తెలుగోళ్లంటారు, నిజామాబాద్‌లో చుట్టాలింటికి పోతే మహారాష్ట్రోళ్లంటారు. హెబ్రీ పత్రిక పదకొండో అధ్యాయంలో విశ్వాసుల్ని పరదేశులు, యాత్రికులు అన్నప్పుడు మనకు వ్యాఖ్యానం అక్కర్లేదు. అది మన ఆధార్ కార్డు మీది చిరునామాలాంటి మాట.

ఇప్పుడు ఒక కష్టమైన సంగతి. ఈ రాష్ట్రంలో ఉండి డాక్టర్ అంబేడ్కర్ మాట వినకుండా ఈ అంశం మీద మాట్లాడటం న్యాయం కాదు. మతం మారిన క్రైస్తవుల స్థితి గురించి ఆయన ఒక వ్యాసం రాశారు. యేసు మీద ఆయనకు కోపం లేదు. మిషనరీలు పెట్టిన బడుల్నీ ఆసుపత్రుల్నీ ఆయన గౌరవించారు. కానీ ఒక నేరం మోపారు. మీ బోధ విన్న అంటరానివాడు తన దుస్థితికి కారణం తన పాపమే అనుకుంటున్నాడు, తన చుట్టూ ఉన్న సమాజం చేసిన అన్యాయం అనుకోవడం లేదు, అందుకే తన హక్కుల కోసం లేవడం లేదు. మన మాటల్లో చెబితే ఆయన అభియోగం అదీ.

దీనికి కోపం తెచ్చుకోవడం తేలిక. మేమైతే, ప్రతి సంఘ కాపరీ ప్రసంగం సిద్ధం చేసుకునే ముందు ఏడాదికి ఒకసారైనా ఆ వ్యాసం చదవాలంటాం. ఎందుకంటే ఆయన చెప్పిన రకం పరలోకం మన మందిరాల్లో నిజంగానే ఉంది. రాకడ దగ్గర పడింది కదా అని పరీక్ష ఫీజు కట్టని కుర్రాళ్లున్నారు. థెస్సలొనీక సంఘంలోనూ అలాంటివాళ్లు ఉండేవారు. ప్రభువు వస్తున్నాడని పనులు మానేసి ఇళ్ల వెంట తిరిగారు. మీ చేతులతో మీరు పని చేసుకోండని పౌలు వాళ్లను గట్టిగానే మందలించాడు. ప్రభువు నేర్పిన ప్రార్థన సంగతే చూడండి. మనల్ని ఇక్కడినుంచి త్వరగా తీసుకుపొమ్మని అందులో ఒక్క ముక్క లేదు. పరలోకంలో జరుగుతున్నట్టు భూమి మీద జరగాలన్న మనవి ఉంది, దాని వెంటనే అన్నం ఉంది. ప్రకటన గ్రంథం చివర్లో కూడా మనం పైకి ఎక్కిపోవడం కాదు, నూతన యెరూషలేమే కిందికి దిగి వస్తుంది. కన్నీళ్లు తుడిచేది ఈ నేలను కొత్తదిగా చేసినప్పుడే.

ఇది పుస్తకాల మాట కాదనడానికి మనకు దగ్గర్లోనే ఆనవాళ్లున్నాయి. మెదక్ చర్చి మీలో చాలామంది చూసే ఉంటారు. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొర కరువు రోజుల్లో ఆ కట్టడం మొదలుపెట్టాడు. ఆకలితో వచ్చినవాళ్లకు పని ఇచ్చి, ఆ పనికి తిండి పెట్టాడు. పదేళ్లు పట్టింది. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. లోపల రంగు అద్దాల కిటికీల్లో ఒకదాని మీద ప్రభువు పరలోకానికి ఆరోహణమవుతున్న దృశ్యం ఉంటుంది. దాన్ని చూడటానికి జనం తలలు పైకెత్తుతారు. మేమైతే తల దించి గోడ రాళ్లను కూడా చూడమంటాం. ఒక్కో రాయి వెనక ఎవరి ఇంట్లోనో ఆ పూట పొయ్యి వెలిగింది. పరలోకాన్ని చూపించే కిటికీని మోస్తున్నది ఆ కూలి అన్నమే. నిజామాబాద్ దగ్గర డిచ్‌పల్లిలో డాక్టర్ ఇసబెల్ కెర్, ఆమె భర్త జార్జి కెర్ 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రి తెరిచినప్పుడూ అదే జరిగింది. ఊరు వెలివేసినవాళ్లను మంచం మీద పడుకోబెట్టి, పుండ్లు కడిగి, ఆ తర్వాతే వాళ్లకు నిరీక్షణ గురించి చెప్పారు. దానికి పెద్ద మొత్తం ఇచ్చిన రాజా నర్సాగౌడ్ హిందువు అన్న సంగతి కూడా మన పిల్లలకు చెప్పాలి.

ఇక అసలు సంగతికి వద్దాం. ఈ గదిలో యౌవనస్థుల గుండెల మీద ఉన్న బరువు ఏమిటో మనందరికీ తెలుసు, ఎవరూ వేదిక మీద మాట్లాడరు. సర్టిఫికెట్.

1950 ఆగస్టు 10న రాష్ట్రపతి ఉత్తర్వు వచ్చింది. షెడ్యూల్డ్ కులాలవాళ్లు ఎవరో చెప్పే ఆ ఉత్తర్వులో మూడో పేరా, హిందువు కానివాడు ఆ జాబితాలోకి రాడని చెప్పింది. 1956లో సిక్కుల్ని చేర్చారు. 1990లో బౌద్ధుల్ని చేర్చారు. క్రైస్తవులం, ముస్లిములం బయటే ఉన్నాం. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ పేరా తీసేయమంది. కేసు 2004 నుంచి సుప్రీంకోర్టులో ఉంది. 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేశారు. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ శాసనసభ దళిత క్రైస్తవులను ఎస్సీల్లో చేర్చాలని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. తెలంగాణలో, ఆంధ్రలో మనవాళ్లు బీసీ-సి కింద ఉన్నారు, దానికి దక్కేది ఒక్క శాతం.

మన దగ్గర దీనికి ఇంకో ముడి ఉంది. ఇక్కడ కుల ధ్రువపత్రానికి, దాని వాలిడిటీకి, 1950 ఆగస్టు 10 నాటికి మీ కుటుంబం ఎక్కడ ఉండేదో అడుగుతారు. ఆ తేదీని చూడండి. మనల్ని జాబితా నుంచి తప్పించిన రోజునే మన తాత ఎక్కడున్నాడో నిరూపించమంటున్నారు. ఆ తాతేమో ఉర్దూ కాగితాల కాలంవాడు, బడి గడప తొక్కనివాడు.

ఒకే వాడలో రెండిళ్లు. కూలి ఒకటే, అవమానం ఒకటే, ఊరి చివర ఉండటం ఒకటే. ఒక ఇంటి గోడకు బుద్ధుడు, బాబాసాహెబ్. ఇంకో ఇంటి గోడకు సిలువ. మొదటి ఇంటి పిల్లకు స్కాలర్‌షిప్ వస్తుంది, రెండో ఇంటి పిల్లకు రాదు. డెబ్బై మూడో కీర్తనలో ఆసాపు పడిన బాధ ఇదే. నా చేతులు శుభ్రంగా ఉంచుకొని ఏం లాభం అని అతను దేవుణ్ణే నిలదీశాడు, కాలు జారిపోయేంత వరకు వచ్చాడు. ఆ మాటలు బైబిల్లోనే ఉన్నాయంటే, మీ పిల్లలు ఇంట్లో ఆ ప్రశ్న అడిగినప్పుడు గద్దించకండి. అయితే ఒక తేడా ఉంది. ఆసాపు అసూయపడింది దుర్మార్గుల్ని చూసి. మన పక్కింటివాడు దుర్మార్గుడు కాదు, మన రక్తం. 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష తీసుకున్నవాళ్లు ఈ హక్కు కోసం 34 ఏళ్లు ఎదురుచూశారు. ఎదురుచూస్తూ ఊరకే కూర్చోలేదు. వాళ్ల దగ్గర మనం నేర్చుకోవాల్సింది ఉంది.

అందుకే చాలామందికి రెండు పేర్లున్నాయి. మందిరంలో ఒకటి, కాలేజీ రిజిస్టర్లో ఒకటి. ఆ పిల్లల్ని వేదిక మీదినుంచి ఇస్కరియోతు యూదా అని పిలిచే బోధకులున్నారు. మేం ఆ పని చెయ్యం. పద్దెనిమిదేళ్ల పిల్ల ముందు విశ్వాసాన్నీ చదువునీ తక్కెడలో పెట్టింది ఆమె కాదు. అట్లాగని ఫర్వాలేదు, అందరూ చేసేదే అని కూడా చెప్పం. 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో, క్రైస్తవ విశ్వాసాన్ని పాటిస్తూ కేవలం రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పుకోవడం రాజ్యాంగాన్ని మోసగించడమే అంది. ఉద్యోగం వచ్చిన పదేళ్లకు కాగితం రద్దయితే ఆ ఇల్లు ఏమవుతుందో కూడా ఆలోచించాలి. అంతకంటే ముఖ్యం, దాచిన పేరుతో బతకడం మనిషిని లోపల తినేస్తుంది. దీనికి ఈ రాత్రి మా దగ్గర సులువైన జవాబు లేదు. నిజం చెప్పి నష్టపోయిన పిల్ల ఫీజు కట్టే బాధ్యత మాత్రం, ఆమెకు నిజం చెప్పమని బోధించిన సంఘానిది. అది మానేసి పరలోకంలో నీకు బహుమానం ఉందమ్మా అని పంపేస్తే, అంబేడ్కర్ మోపిన నేరం నిజమని మనమే రుజువు చేసినట్టు.

ఇక్కడ మాకు యిర్మీయా గుర్తుకొస్తాడు. యెరూషలేము చుట్టూ బబులోను సైన్యం. ప్రవక్త బందీగా ఉన్నాడు. ఆ స్థితిలో పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి అనాతోతులో పొలం ఉంది, కొంటావా అంటాడు. శత్రువు గుప్పిట్లోకి పోయిన దేశంలో పొలం! సోయాబీన్ ధర పడిపోయిన ఏడాది ఎకరం అమ్ముకోవలసి వచ్చినవాళ్లకు ఆ బేరం ఎంత పిచ్చిదో తెలుస్తుంది. యిర్మీయా 17 తులాల వెండి తూచి ఇచ్చాడు. సాక్షుల్ని పిలిచాడు, సంతకాలు చేయించాడు, ముద్ర వేయించాడు. ఆ దస్తావేజుల్ని చాలాకాలం చెడిపోకుండా మట్టికుండలో పెట్టమని బారూకుకు చెప్పాడు. ఈ దేశంలో మళ్లీ ఇళ్లూ పొలాలూ ద్రాక్షతోటలూ కొంటారని దేవుడు చెప్పాడు కాబట్టి. ఆ పొలం తాను దున్నుతానని అతను అనుకుని ఉండడు. అయినా కాగితం రాయించాడు. నిరీక్షణ అంటే మాకు ఇంతకంటే మంచి బొమ్మ దొరకలేదు: చెరసాలలో కూర్చొని, వెండి తూచి, రసీదు జాగ్రత్త చేసుకోవడం.

ఒక్క విషయం చెప్పకుండా ముగించలేం. మరాఠ్వాడాలో పంట పోయి, అప్పు మిగిలి, పురుగుమందు డబ్బా వైపు చూసిన ఇళ్లు చాలా ఉన్నాయి. క్రైస్తవ ఇళ్లు వాటిలో లేవనుకోకండి. అలాంటి చావు జరిగిన ఇంట్లో నిలబడి, ఆ మనిషి ఎక్కడికి వెళ్లాడో తేల్చి చెప్పే అధికారం మనకు ఎవరూ ఇవ్వలేదు. సిలువ మీద చివరి ఘడియలో ఒక దొంగను చేర్చుకున్న ప్రభువు, అంత చీకట్లో ఆ రైతుతో ఏం మాట్లాడాడో మనకు తెలియదు. సమాధుల తోటలో చోటివ్వండి. భార్యాపిల్లల్ని ముందు వరుసలో కూర్చోబెట్టండి. పరలోకం ఉందన్న మాట పూర్తి బరువుతో పలకాల్సింది అక్కడే. రాజ్యాంగం బాగుపడినా, సర్టిఫికెట్ వచ్చినా, ధర పెరిగినా, పోయిన మనిషి తిరిగి రాడు. ఆ లోటును ఏ ప్రభుత్వమూ తీర్చదు. ఒక పునరుత్థానం మాత్రమే తీరుస్తుంది. న్యాయం కోసం పనిచేసే మన సంఘాల్లో కొందరు ఈ మాట అనడానికి సిగ్గుపడుతుంటారు. మేం సిగ్గుపడం.

ఇప్పుడు ఈ గదిలో ఎవరికైనా అలాంటి ఆలోచన వస్తుంటే, ప్రార్థన చేసుకుంటూ ఒంటరిగా మోయకండి. పక్కన కూర్చున్నవాళ్లకు చెప్పండి. 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం నడిపే టెలీ మానస్, రాత్రీ పగలూ పలుకుతారు, డబ్బు పడదు, తెలుగులోనూ మరాఠీలోనూ మాట్లాడతారు. డాక్టర్ దగ్గరికి పోవడం అవిశ్వాసం కాదు. లూకా వైద్యుడే కదా.

ప్రార్థన అయ్యాక భోజనాలకు లేవకముందు ఒక పని. ముందు బల్ల దగ్గర మరాఠీ, ఉర్దూ చదవగలిగినవాళ్లు ఇద్దరు కూర్చుంటారు. తాతల నాటి పాత కాగితాలు, బడి దాఖలాలు, స్కాలర్‌షిప్ ఫారాలు, పంట బీమా రసీదులు తెచ్చినవాళ్లు వాటిని చూపించుకోండి. తీసుకురానివాళ్లు వచ్చే ఆదివారం ఆరాధన తర్వాత తీసుకురండి. తేమ తగలకుండా ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెండి.