వాయిదా మనది, లెక్క ఎవరిది?

(మహిళా సదస్సులో చేసిన ప్రసంగం)



వాయిదా ఒక్క రోజు ఆలస్యమైతే అప్పిచ్చినవాళ్లు మన గడపలోకొచ్చి నిలదీస్తారు. వాళ్లను మనం ఏం అడగాలో చెప్పడానికే నేనివాళ నిలబడ్డాను.

పేద స్త్రీలకు అప్పులివ్వాలని కేంద్ర ప్రభుత్వం 1993లో 31 కోట్ల రూపాయల మూలనిధితో రాష్ట్రీయ మహిళా కోశ్‌ను నెలకొల్పింది. డబ్బు నేరుగా మన చేతికి రాలేదు. కోశ్ స్వచ్ఛంద సంస్థలకిచ్చింది, అవి సంఘాలకిచ్చాయి. మెట్టు దిగేకొద్దీ వడ్డీ పెరిగింది, లెక్క మాత్రం మనకు కనపడకుండా పోయింది.

ఇలాంటి సంస్థలు వసూళ్ల శాతం చూపించి గొప్ప చెప్పుకుంటాయి. కానీ ఆ వాయిదా పాలమ్మి కట్టిందా, చెవికమ్మలు తాకట్టు పెట్టి కట్టిందా? వేలిముద్ర పడ్డ అప్పు పూర్తిగా ఆమెకు అందిందా? వసూళ్ల శాతం ఇవేవీ చెప్పదు.

2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వ సంస్థలు తమ బడ్జెట్‌నూ, ఖర్చులనూ, నిర్ణయాలు చేసే పద్ధతినీ ఎవరూ అడక్కుండానే వెల్లడించాలి. ప్రధానంగా ప్రభుత్వ నిధులతో నడిచే స్వచ్ఛంద సంస్థలూ ఈ చట్టం కిందికే వస్తాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ లెక్కలను సామాజిక తనిఖీల్లో ఊరందరి ముందూ చదివారు. అప్పుల లెక్కలు ఎందుకు చదవకూడదు?

చదవమని అడుగుదాం. వాయిదా కట్టే మనకు ఆ హక్కుంది.